ఎంగిలి బిళ్ల

పళ్లకి క్లిప్పులు వేయించుకుందామా వద్దా అని తటపటాయించేవాళ్లు నన్ను అడిగితే నేను చెప్పేది ఒకటే. పళ్ల సంగతి డాక్టరు చూసుకుంటాడు, మీ ఇంట్లోవాళ్ల నోళ్ల సంగతి ముందు మీరు చూసుకోండి. బరంపురంలో మేం వెళ్లిన పళ్ల ఆస్పత్రిలో గోడ నిండా ఒక పెద్ద బొమ్మ ఉంది. మెరిసే పళ్లతో ఒక తల్లి, ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు. దాని కింద, వైద్యం మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసినవి అంటూ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ చాలా రాసి ఉంది. ఏ వయసులో రావాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఏవి తినకూడదు, అన్నీ ఉన్నాయి. ఆ బొమ్మలో అత్తగారు లేదు, ఆడపడుచు లేదు. ఆ నలుగురూ అంత హాయిగా ఎందుకు నవ్వుతున్నారో నాకు తరవాత అర్థమైంది.

నావి ఎత్తుపళ్లు. పురుషోత్తంపూర్ అవతల ఒక పల్లెలో పుట్టాను. మా ఇల్లు తెలుగులో, బడి ఒడియాలో, వెక్కిరింపు రెండింటిలోనూ నడిచేది. బడిలో నన్ను ‘దంతురి’ అనేవారు, పళ్లు బయటికున్న పిల్ల అని. ఇంటికొస్తే మా అమ్మ అదే మాటని తెలుగులోకి మార్చి, “నోరు ముయ్యే, పల్లు అవుపడతన్నాయి” అనేది. ఫొటో తీస్తే నోరు ముయ్యి. చుట్టాలొస్తే నోరు ముయ్యి. నవ్వొస్తే చెంగు అడ్డం పెట్టుకో. పళ్లు దాచుకోవడం నేర్పితే మాట దాచుకోవడం దానంతటదే వచ్చేస్తుంది. తెలిసిన జవాబుకి కూడా క్లాసులో నేను చెయ్యెత్తలేదు. బస్సులో ఎవడైనా కాలు తొక్కితే నేనే పక్కకి జరిగాను. ఇప్పుడు మా ఇంట్లో అందరూ నాది నోరు కాదు అంటారు. అప్పుడు మింగినదంతా ఇప్పుడు బయటికొస్తోంది, నేనేం చెయ్యను?

నా కూతురికి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేసరికి నా నోరే దాని నోట్లోకి దిగింది. పైపళ్లు ముందుకొచ్చాయి, ఒక కోరపన్ను పక్క పన్ను మీదికెక్కింది. అచ్చం తల్లి పోలిక అని చుట్టాలు ముచ్చటపడ్డారు. పన్ను మీద పన్ను అదృష్టం అంది మా ఆడపడుచు. ఆవిడ పళ్లు వరసగా ఉన్నాయి. అంత అదృష్టం తనకి తప్పిపోయిందని ఆవిడ ఏ రోజూ బెంగపెట్టుకున్నట్టు లేదు.

పిల్ల ఆరో తరగతిలో ఉండగా బడిలో తీసిన గుంపు ఫొటో ఇంటికి తెచ్చింది. పిల్లలందరూ నవ్వుతున్నారు. నా కూతురొక్కతే పెదాలు బిగించుకుని, ఎవరో తిట్టినట్టు నిలబడి ఉంది. ఎవరే నిన్ను నవ్వొద్దన్నది అని అడిగాను. ఎవరూ అనలేదమ్మా అంది. ఎవరూ అనకుండానే నేర్చేసుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈ పిల్ల నాలాగా నోరు మూసుకుని బతకడానికి వీల్లేదు అనుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. పళ్లు వరసగా ఉంటే అందంగా ఉంటుందా, పెళ్లికి పనికొస్తుందా అన్న ఆలోచన నాకు లేదు. అది నోరు తెరవాలి, అంతే.

మర్నాడు బడి అయ్యాక నేరుగా గేట్ బజార్‌లో మా ఆయన బట్టల కొట్టుకి వెళ్లాను. నేనొక ప్రైవేటు బడిలో టీచర్ని, నా సొంత సంపాదన నాకుంది, ఆయన అనుమతి అడగడానికి వెళ్లలేదు. చెప్పడానికి వెళ్లాను. పిల్లకి క్లిప్పులు వేయిస్తున్నాను అన్నాను. ఎదురుగా ఉన్న బేరం ఎక్కడ పోతుందో అన్నట్టు ఆయన చీర మడతపెడుతూనే “సూద్దాం” అన్నాడు. ఆయన దేనికైనా సూద్దాం అంటాడు. ఆయన ఇంకా చూడవలసినవి మా ఇంట్లో గుట్టలుగా పడి ఉన్నాయి.

డాక్టరు కుర్రవాడు, ఒడియావాడు, మాట కరుకు. పిల్ల నోరు తెరిపించి, అద్దం పుల్లతో అటూ ఇటూ తిప్పి చూసి, ఏడెనిమిదేళ్లప్పుడే ఒకసారి తెచ్చి చూపించి ఉండాల్సింది అన్నాడు. అప్పుడే క్లిప్పులు వేసేవాణ్ని కాదు, దవడ ఎటు పెరుగుతోందో చూసి పెట్టుకునేవాణ్ని అన్నాడు. అయినా మించిపోలేదు, ఎముక ఇంకా పెరిగే వయసే కాబట్టి పళ్లు మాట వింటాయి అన్నాడు. పళ్ల నమూనా తీయడానికని చల్లటి ముద్ద ఏదో పళ్లెంలో వేసి పిల్ల నోట్లో కుక్కితే అది వాంతి చేసుకోబోయింది. నర్సు దాని వీపు నిమరకుండా గడియారం చూస్తూ నిలబడింది. ఆవిడ మీద కూడా నాకు కోపమొచ్చింది, అది వేరే సంగతి.

అంతా అయ్యాక డాక్టరు నా వైపు తిరిగి, మరి మీరు అన్నాడు. నేను అలవాటుగా నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఇంత వయసొచ్చాక నాకెందుకండీ అన్నాను. వయసుతో పనిలేదు, చిగుళ్లు, ఎముక గట్టిగా ఉంటే పళ్లు జరుగుతాయి, కాకపోతే పిల్లల కంటే నెమ్మదిగా జరుగుతాయి, ముందు పాచి తీయించి చిగుళ్లు బాగుచేయించుకోవాలి అన్నాడు. జాలిపడలేదు, పొగడలేదు. అందుకే సరే అన్నాను. కూతురు ఒక్కతే ఆ తీగలు కట్టుకుని తిరగడం ఏమిటి, నేనూ కట్టుకుంటాను అనిపించింది.

ఇంటికొచ్చి, జాగా కోసం పిల్లకి నాలుగు పళ్లు తీసేస్తారట అని చెప్పేసరికి మా అత్తగారు గుడాకు రాసుకుంటున్న వేలు నోట్లోంచి తీసింది. గుడాకు అంటే పొగాకూ బెల్లమూ కలిపిన నల్లటి ముద్ద. మా వైపు ఆడవాళ్లు చాలామంది పొద్దున్నే పళ్లకి అదే రాసుకుంటారు. ఆవిడ దాన్ని రాసీ రాసీ ఉన్న పళ్లన్నీ నల్లబరిచి, సగం పోగొట్టుకుంది.

“బాగున్న పల్లు పీకించీడమేటే? పురుగట్టిందా, పుచ్చిందా? కాలు పొడుగైందని కాలు నరికించీసుకుంటామేటి?” అంది.

నాలుగు తీస్తేనే మిగతావాటికి చోటు అని చెప్పాను. “దేవుడు చోటు సూడకుండా ఇచ్చీసినాడా పల్లు?” అంది. ఇచ్చాడు కాబట్టే కదా ఈ బాధ అన్నాను. ఆ మాటకి ఆవిడ రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు పూటలూ ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నా నోట్లో కూడా తీగలు చూసి మా ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇప్పుడు ఎవులికి సూపించడానికే వదినా?” అంది. బడిలో పిల్లలు వెనకాల ఏదో పేరు పెట్టారు, తోటి టీచర్లు మొహం మీదే నవ్వారు. ఒకావిడ, మీవారేం అనలేదా అని జాలిగా అడిగింది. పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకోవాలనుకునేవాళ్లు దీనికి సిద్ధపడాలి. చిగుళ్ల నొప్పికి మాత్ర ఉంది. ఈ జాలికి మాత్ర లేదు.

నొప్పి గురించి కూడా అబద్ధం చెప్పను. తీగ బిగించిన ప్రతిసారీ మొదటి రెండు మూడు రోజులు మెత్తటి అన్నం కూడా నమలలేం. తీగ మొన గుచ్చుకుని బుగ్గ లోపల పుండు పడుతుంది. దాని మీద అద్దుకోవడానికి ఆస్పత్రిలో చిన్న మైనం డబ్బా ఇస్తారు. చేగోడీలు, వేరుశనగ ఉండలు, అప్పడాలు, అన్నీ బంద్. అప్పడాలకీ పచ్చళ్లకీ పేరున్న ఊళ్లో ఉంటూ అప్పడం పక్కన పెట్టి లేవడం ఎంత నరకమో చెప్పలేను. నేనూ నా కూతురూ ఒకే మైనం పంచుకున్నాం. ఒకే పూట చద్దన్నం మెత్తగా పిసుక్కుని తాగేశాం. ఎక్కడ గుచ్చుకుంటోందో ఒకరికొకరం అద్దం పట్టుకుని చూసుకున్నాం. ఆ రోజుల్లో పిల్ల నాకు అన్నీ చెప్పేది, చిన్న గీత పడినా చెప్పేది. నా ఇంట్లో నాకు దొరికిన సుఖం అదొక్కటే, దాన్ని ఎవరికీ కనబడనివ్వలేదు.

పిల్ల పళ్లు చెప్పినట్టే మాట విన్నాయి. రెండేళ్లు దాటాక, నావి ఇంకా మొరాయిస్తూ ఉండగానే, దానికి క్లిప్పులు తీసేశారు. డాక్టరు అద్దం చేతికిస్తే అది తన పళ్ల మీద నాలుక తిప్పుకుంటూ కూర్చుంది. ఆటోలో ఊరికే నవ్వింది, గోపాలపూర్ వెళ్లి సముద్రం ముందు ఫొటోలు తీయించుకుంది, అన్నింట్లోనూ నోరు బార్లా తెరిచే ఉంది. మా అత్తగారు కూడా ఆ ఫొటోలు చూసి, “పరవానేదు” అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెన్నడూ వినలేదు.

అక్కడితో అయిపోలేదు. ఇది చాలామందికి తెలీదు, అందుకని చెబుతున్నాను. క్లిప్పులు తీసేసిన కొత్తలో పళ్లు గట్టిగా నిలబడవు, మళ్లీ పాతచోటికే పోవాలని చూస్తాయి. అవి జరగకుండా గులాబీ రంగు ప్లాస్టిక్ బిళ్ల ఒకటి, ముందు సన్నటి తీగతో, నోట్లో పైన అంగుడికి అతుక్కునేలా చేసి ఇస్తారు. రిటైనర్ అంటారు. రాత్రంతా, పగలు కూడా తినేటప్పుడు తప్ప, నోట్లోనే ఉండాలి. తీసినప్పుడు చన్నీళ్లతో కడిగి డబ్బాలో పెట్టాలి. వేడి నీళ్లు తగిలితే వంగిపోతుంది, ఎక్కడైనా ఒరుసుకుంటే వెంటనే తెచ్చి చూపించండి అని డాక్టరు నాకూ పిల్లకీ చెప్పాడు. మేమిద్దరం తలూపాం. తలూపాల్సిన మూడో మనిషి ఇంట్లో ఉంది.

మా అత్తగారికి ఎంగిలి పట్టింపు. మామూలు రోజుల్లో పరవాలేదు, కార్తీకం వస్తే ఆవిడని పట్టడం ఎవరి తరమూ కాదు. ఆ నెలంతా రాత్రి ఒంటిపూటే తింటుంది, తన అన్నం వేరే పొయ్యి మీద వేరే గిన్నెలో తనే వండుకుంటుంది, ఆ పొయ్యి దగ్గరికి పిల్లని కూడా రానివ్వదు. గుడాకు మాత్రం మానదు. అదే నోట్లో తిప్పిన వేలు గోడకి తుడిచి, అది ఎంగిలి కాదంటుంది. అలాంటి మనిషి కళ్ల ముందు, నా కూతురు అన్నానికి కూర్చునే ముందు నోట్లోంచి ఉమ్ముతో తడిసిన బిళ్ల బయటికి తీసి వంటింటి గట్టు మీద పెట్టింది.

“ఏటిది? నోట్లోంది తీసి గట్టు మీద ఎట్టీడమేటి? దరిద్రం!” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

ఆ రోజు నుంచీ ఆ డబ్బా మీద మా ఇద్దరికీ యుద్ధం. నేను గట్టు మీద పెడితే ఆవిడ కర్రపుల్లతో నెట్టి కిటికీలోకి పంపేది. కిటికీలోంచి ఫ్రిజ్ మీదికి, ఫ్రిజ్ మీంచి బాత్‌రూమ్‌లోకి వెళ్లేది. నేను మళ్లీ గట్టు మీదికి తెచ్చేదాన్ని. వేరే చోటు లేక కాదు. ఆవిడ వద్దంది కాబట్టి అక్కడే పెట్టాను. ఈ సంగతి చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు.

కార్తీకం సగం గడిచేసరికి ఆవిడ అరవడం మానేసింది. డబ్బా గట్టు మీద ఉన్నా ఏమీ అనలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆ తరవాత మామూలుగా చూపించుకోవడానికి పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు బిళ్ల చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. మళ్లీ పిల్ల నోట్లో పెట్టి వేలితో నొక్కాడు. బిళ్ల ఒక పక్క లేచింది. తీసేసి దీపం కిందకి వంచుకుని నోట్లోకి చూసి, ఇటు రండి అని నన్ను పిలిచాడు. ముందు పళ్ల వెనకాల, అంగుట్లో, కందిపప్పంత పుండు, ఎర్రగా, అంచులు తెల్లగా. కోరపన్ను అప్పుడే కాస్త పక్కకి తిరిగింది. ఈ బిళ్లని మరిగే నీళ్లలో వేశారు, వంగిపోయింది, వంగినదాన్నే ఈ పిల్ల ఇన్నాళ్లూ నొక్కి పెట్టుకుంటోంది అన్నాడు. ఎవరు చేశారిది అని అడిగాడు.

నేనే అంది నా కూతురు. ఒడియాలో, స్పష్టంగా, తడుముకోకుండా. శుభ్రంగా ఉంటుందని వేడి నీళ్లలో వేశాను అంది.

డాక్టరు దాన్ని తిట్టాడు. ఇంత చదువుకునే పిల్లవి, చెప్పింది చెవికెక్కదా, నీ కోసం మీ అమ్మ ఎంత తిరిగింది అన్నాడు. అది తల వంచుకుని విన్నది. నేను బిళ్ల వైపు చూస్తున్నాను. గులాబీ రంగు మీద పసుపుపచ్చ మరక పట్టి ఉంది, తీగ మలుపులో ఇంకా చిక్కగా ఉంది. పసుపు. మా ఇంట్లో పసుపు వేసి నీళ్లు మరగబెట్టేది ఒక్క మనిషే. కార్తీకం నెలలో ఆ పొయ్యి ముట్టుకునే హక్కు ఉన్నదీ ఆ ఒక్క మనిషికే. కొత్త బిళ్ల కోసం మళ్లీ ముద్ద పెట్టి నమూనా తీశారు. ఈసారి పిల్లకి వాంతి రాలేదు. అది రాకపోవడం కూడా నాకు నచ్చలేదు.

ఆటో ఎక్కగానే అడిగాను. మామ్మ చేసిందా, నువ్వు చేశావా?

“మామ్మే” అంది. “నువ్వు బడికెల్లినాక. పసుపేసి మరగబెట్టింది. ఎంగిలి పోతాదంట. అప్పట్నించి ఒక పక్క పొడుస్తంది.”

“నొప్పి అని ఎందుకు చెప్పలేదే?”

“మామ్మకి సెప్పినాను. కొత్తల్లో అంతే, అలవాటైపోతాది, మీ అమ్మకి సెప్పకు అంది.”

“మరి డాక్టరు దగ్గర నేనే అని ఎందుకన్నావు?”

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “మామ్మ పేరు సెప్తే నువ్వూరుకుంతావా? ఇంటికెల్లి అరుస్తావు. మామ్మ అన్నం మానేస్తాది. నాన్న కొట్టునించి రాడు. నేనే అంటే డాక్టరు రెండు తిడతాడు, అయిపోతాది.”

లెక్క సరిగ్గా ఉంది. ఎవరి కోపం ఎంతసేపుంటుందో, ఎవరి అలక ఎన్ని పూటలో, అన్నీ కూడి తీసివేసి, అన్నిట్లోకీ చవకైనది తన అంగుడే అని తేల్చుకుంది. ఇది నేనెక్కడా నేర్పలేదు. పళ్లు వరసలో పెట్టించడానికి ఇన్నాళ్లు తిరిగాను, వాటి వెనకాల ఆ పిల్ల ఏం మింగుతోందో నాకు తెలీలేదు. ఆటోవాడు గేట్ బజార్ సందులో ఇరుక్కుని హారన్ కొడుతున్నాడు. నాకు దిగి ఎవరినైనా కొట్టాలనిపించింది.

మేం ఇంటికెళ్లేసరికి మా అత్తగారు అరుగు మీద కూర్చుని దీపాలకి దూది వత్తులు చేసుకుంటోంది. “ఏటన్నాడు డాక్టరు?” అంది. నేను పసుపు పట్టిన బిళ్ల తీసి ఆవిడ వత్తుల పళ్లెం పక్కన పెట్టాను. “ఎంగిలిది ఇక్కడెట్టకు!” అని పళ్లెం లాక్కుంది.

“ఇప్పుడు ఎంగిలి ఎక్కడుంది? మరగబెట్టావు కదా అత్తా” అన్నాను.

ఆవిడ దాచలేదు. తప్పు చేశాననుకుంటే కదా దాచడానికి. “అవును, నానే. పసుపేసి సుబ్బరంగా మరగబెట్టినాను. నా సేత్తో ముట్టుకున్నాను, కార్తీకం అని కూడా సూడనేదు. ఎవులి కోసం? నీ పిల్ల కోసమే” అంది. అది నిజమేనని నాకు తెలుసు. రోజూ ముట్టుకోనని అరిచిన వస్తువుని ఆవిడ ముట్టుకుంది, కడిగింది, తన పొయ్యి మీద పెట్టింది. నిజమైనంత మాత్రాన నాకు కోపం తగ్గలేదు.

“అది వంగిపోయి పిల్ల నోట్లో పుండు పడింది. పన్ను తిరిగిపోయింది. పైగా డాక్టరు అడిగితే ఇది నేనే చేశానని చెప్పి తిట్లు తింది” అన్నాను.

మా అత్తగారి మొహం విప్పారింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు.

“అలాగందా? అదీ పిల్లంటే!” అంది. దాన్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. “ఇంటి మాట ఈదిలో ఎట్టనేదు. ఏ ఇంటికెల్లినా ఆ ఇల్లు నిలబెట్టీస్తాది నా తల్లి.”

నా కూతురు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, పెదాలు బిగించుకోలేదు. పళ్లన్నీ కనబడేలా, మెప్పు దొరికిన పిల్లలు నవ్వే నవ్వు అది. ఏ నవ్వు కోసం నేను నాలుగు పళ్లు పీకించానో, ఆస్పత్రి మెట్లు ఎక్కి దిగానో, నా నోట్లో కూడా తీగలు కట్టించుకున్నానో, ఆ నవ్వు. దాన్ని ఆవిడ ఇలాంటి మాట చెప్పి కాజేసింది.

నేను అరిచాను. ఏమని అరిచానో అన్నీ గుర్తులేవు. తీగ మొన పెదవిలోకి గుచ్చుకుని రక్తం వచ్చిందని మాత్రం గుర్తుంది, చెంగుతో తుడుచుకుని మళ్లీ అరిచాను. ఇల్లు నిలబెట్టడానికి నా పిల్ల నోరు కావాలా, వేరే ఇటుకలు లేవా అన్నాను. నొప్పి అని చెప్పిన పిల్లని నోరు మూసుకోమన్న మనిషికి ఎంగిలి గురించి మాట్లాడే హక్కు లేదన్నాను. కొట్టు నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి “ఒగ్గేయ్, ఒగ్గేయ్” అన్నాడు.

“వదలను. రండి ఇటు. సూద్దాం సూద్దాం అంటారు కదా, ఇప్పుడు చూడండి” అని పిల్లని దీపం కిందకి లాగి నోరు తెరవమన్నాను. ఫోను లైటు వేసి చూపించాను. ఆయన వంగి చూశాడు. ఆయన మొహం మారింది. మా అత్తగారు చూడనంది, నా కళ్లు కనబడవంది. ఇందాక వత్తి మందం సరిచూసుకున్న కళ్లు అవి.

“ఇప్పుడు చెప్పు” అన్నాను పిల్లతో. “అందరి ముందూ చెప్పు. ఏం జరిగింది?”

అది మామ్మ వైపు చూసింది, నాన్న వైపు చూసింది. నా వైపు చూడలేదు. ఇలా బలవంతపెట్టడం క్రూరమే, నాకు తెలుసు. అది ఏడవబోతోందనీ తెలుసు. అయినా నేను ఊరుకోలేదు. ఇవాళ ఊరుకుంటే ఇది జన్మంతా ఊరుకుంటుంది.

“మామ్మ మరగబెట్టింది” అంది. “నాకు నొప్పెట్టింది. మామ్మకి సెప్పినాను. ఊరుకోమంది. ఊరుకున్నాను.”

కొంపలేమీ మునగలేదు. మా అత్తగారు వత్తుల పళ్లెం తీసుకుని లేచి తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ నెలంతా ఒంటిపూట తినే మనిషి ఆ ఒక్క పూటా మానేసింది. పిల్ల లెక్క ఎక్కడా తప్పలేదు. మా ఆయన మాత్రం బయటికి వెళ్లలేదు. చెప్పులు విప్పి, పుండుకి ఏదైనా మందు ఇచ్చాడా అని అడిగాడు. ఆయన నోట సూద్దాం కాని మాట వినడం నాకు కొత్త.

నేను అన్నం వడ్డిస్తూ ఉంటే పిల్ల లేచి, ఎవరూ ముట్టకూడని మామ్మ గిన్నెలోంచే అన్నమూ కూరా పళ్లెంలో పెట్టుకుని ఆ గది వైపు బయల్దేరింది. బతిమాలడానికి వెళ్తోంది. తను చెప్పిన నిజానికి తనే క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్తోంది. నేను దారికి అడ్డం వెళ్లి ఆ పళ్లెం దాని చేతిలోంచి తీసుకున్నాను.

“ఆవిడకి ఆకలేస్తే ఆవిడే వస్తుంది. ముందు నువ్వు తిను” అన్నాను.

“మామ్మ తినకుండా నాను తింతే బాగోదమ్మా” అంది.

“బాగోకపోనీ” అన్నాను.

కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ పప్పన్నం కలుపుకుంది. మొదటి ముద్ద మింగేసింది. రెండో ముద్ద నములుతూ ఆగిపోయింది, తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. తరవాత ఎంగిలి చెయ్యి పళ్లెంలోనే ఉంచి, రెండో చేతి వేలు నోట్లో పెట్టి చూపించింది.

“ఇక్కడమ్మా. ఇక్కడ మండతంది.”